పాత లోకల్ రైళ్లకు కొత్త మోటార్లు పెట్టారు, అయినా ప్రయాణ సమయం ఎందుకు తగ్గలేదు?

రెండోపెట్టె (ప్రశ్న)

నేను రోజూ ఎక్కే కరెంటు లోకల్ రైళ్లు ముప్పై ఏళ్లు దాటినవి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి వర్క్‌షాపుకు పంపి, మోటార్లూ కంట్రోల్ పరికరాలూ మొత్తం మార్చి తెస్తున్నారు. ఎక్కి కూర్చుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఇదివరకు స్టేషన్ నుంచి కదిలేటప్పుడు కుదుపు మీద కుదుపు వచ్చేది, నేల కింద నుంచి టపటపమని చప్పుడు వినిపించేది. ఇప్పుడు ఒకే ఊపున, సన్నని ఈల లాంటి శబ్దంతో లేస్తోంది.

ఫోనులో జీపీఎస్ పెట్టి చూశాను. జనం లేని వేళ పాత రైలు సున్నా నుంచి గంటకు 60 కి.మీ. వేగం అందుకోవడానికి అరనిమిషం పైనే తీసుకుంటోంది. మార్చిన రైలుకు 20 సెకన్ల చిల్లర చాలు. ఇంత మెరుగుపడినా మొదటి స్టేషన్ నుంచి చివరి స్టేషన్‌కు పట్టే సమయం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. దారిలో 20 చోట్ల ఆగుతుంది. సాయంత్రం రద్దీలో అయితే ఏది పాత రైలో ఏది మార్చిన రైలో గడియారం చూసి చెప్పడం అసాధ్యం.

మిగలాల్సిన సమయం ఎక్కడికి పోతోంది? అసలు పాత పెట్టెల కింద కొత్త మోటార్లు బిగించడం వల్ల ప్రయాణికుడికి దక్కేదేమైనా ఉందా? ఈ పని తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

షెడ్డుమనిషి

మీ కొలత సరిగ్గానే ఉంది. నేను పాత డీసీ మోటార్ల నిర్వహణలో చాలా ఏళ్లు ఉన్నాను, ఆ తర్వాత వాటిని విప్పి ఏసీతో నడిచే త్రీఫేజ్ మోటార్లు బిగించే పనిలోనూ ఉన్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. అరనిమిషం పైన అంటే త్వరణం సెకనుకు సెకనుకు 0.5 మీటరు. 20 సెకన్ల చిల్లర అంటే 0.8 మీటరు. 60 కి.మీ. వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు. రైలు ఆగకుండా అదే వేగంతో వెళ్లిపోతే పట్టే సమయంతో పోల్చినప్పుడు, ఆగి మళ్లీ వేగం అందుకోవడం వల్ల పోయే సమయం వేగాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 0.5 దగ్గర అది 16.7 సెకన్లు, 0.8 దగ్గర 10.4 సెకన్లు. ఒక్కో ఆగుడుకు మిగిలేది ఆరు సెకన్లు. 20 ఆగుళ్లకు కలిపి రెండు నిమిషాలు. మీరు కళ్లారా చూస్తున్న అంత పెద్ద తేడా దారి పొడవునా కలిపితే రెండు నిమిషాలేనన్నమాట. తలుపు దగ్గర ఒక్కో స్టేషన్లో ఆరు సెకన్లు ఎక్కువ పడితే ఆ రెండు నిమిషాలూ అక్కడే ఖర్చయిపోతాయి.

ఇక రద్దీ. నాలుగు పెట్టెల రైలు ఖాళీ బరువు 160 టన్నులు అనుకుందాం. మనిషికి 65 కిలోల చొప్పున వెయ్యి మంది ఎక్కితే అదనంగా 65 టన్నులు. మోటారు లాగే బలం అంతే ఉంటే 0.8 ఉన్న త్వరణం 0.57కు దిగిపోతుంది. మీరు సాయంత్రం రద్దీలో గమనిస్తున్నది దీన్నే. ఎయిర్ స్ప్రింగులున్న రైళ్లలో స్ప్రింగులోని గాలి ఒత్తిడిని బట్టి పెట్టె బరువు కంట్రోల్ యూనిట్‌కు తెలుస్తుంది, బరువు పెరిగిన కొద్దీ అది మోటారుకు ఎక్కువ కరెంటు ఇస్తుంది. పాత ఉక్కు కాయిల్ స్ప్రింగుల మీదే పెట్టెను ఉంచేసి మోటార్లు మాత్రం మార్చితే ఆ సమాచారం అందే దారి ఉండదు. మీ రైళ్లలో చక్రాల చట్రాలు కూడా మార్చారో లేదో ప్లాట్‌ఫాం అంచు నుంచి కిందికి చూడండి. పెట్టెకూ చట్రానికీ మధ్య నల్లని రబ్బరు బుడగ కనిపిస్తే ఎయిర్ స్ప్రింగు.

ఇంకో హద్దు చక్రానికీ పట్టాకూ మధ్య ఉంది. రైలు మొత్తం బరువులో మోటారున్న చక్రాల మీద పడేది 40 శాతమే అయితే, జారకుండా నమ్మకంగా వాడుకోగల ఘర్షణ గుణకం 0.18 అనుకున్నా త్వరణం 0.7 దగ్గర ఆగిపోతుంది. ఎంత గొప్ప మోటారు పెట్టినా ఆపైన చక్రం జారుతుంది. మీ రైలు 0.8 చూపిస్తోందంటే దాంట్లో మోటారు చక్రాల వాటా అంతకంటే ఎక్కువే ఉండాలి.

ఇక దక్కేదేమిటంటారా? నా చేతులతో చూసింది చెబుతాను. పాత మోటారు తెరవగానే కార్బన్ పొడి ముఖం మీద పడేది. కమ్యుటేటర్ అనే రాగి డ్రమ్ము మీద బ్రష్షులు నిరంతరం రాసుకుని అరిగిపోతాయి. రాగి పట్టీల మధ్య అభ్రకం పైకి తేలితే బ్రష్షు ఎగిరెగిరి పడుతుంది, నిప్పులు రాలతాయి. అందుకని ఆ అభ్రకాన్ని సన్నటి రంపపు పలకతో పట్టీ పట్టీకీ మధ్య లోతుగా గీకేవాళ్లం. ఒక్క సందు వదిలేసినా చాలు, వాన నీరు చేరిన రోజున ఆ మోటారు ఫ్లాష్ అయ్యేది, అంటే లోపల కరెంటు నిప్పై ఎగిసేది, రైలు దారి మధ్యలో నిలిచేది. త్రీఫేజ్ ఇండక్షన్ మోటారులో బ్రష్షూ లేదు, కమ్యుటేటరూ లేదు. ఆగిపోని రైలు దొరకడమే ప్రయాణికుడికి పెద్ద లాభం. వేళకు వస్తుందన్న నమ్మకం ఉంటే రెండు నిమిషాల వేగం కోసం ఎవరూ చూసుకోరు. నా మటుకు ఈ మార్పుకు ఈ ఒక్క కారణం చాలు.

మీకు వినిపించిన టపటప చప్పుడు కాంటాక్టర్లది, అంటే కరెంటును కలిపి విడదీసే పెద్ద స్విచ్చులది. పాత పద్ధతిలో మోటారుకు ముందు నిరోధకాలు కలిపి, వేగం పెరిగే కొద్దీ ఒక్కొక్కటే తప్పిస్తూ పోతారు. ఒక్కటి తప్పినప్పుడల్లా ఒక కుదుపు. మోటార్లను మొదట సిరీస్‌లో, తర్వాత ప్యారలల్‌లో కలిపినా ఆ ప్రారంభ దశలో తీసుకున్న కరెంటులో మూడో వంతు ఆ నిరోధకాల్లోనే వేడైపోతుంది. అలా కలపకపోతే సగం పోతుంది.

మోటర్‌మ్యాన్_ఎడమసీటు

షెడ్డుమనిషి గారు చెప్పిన రెండు నిమిషాలు కూడా మీకు ఎందుకు కనిపించడం లేదో నేను చెబుతాను. ఒకే మార్గంలో పాత రైళ్లూ మార్చిన రైళ్లూ కలిసి నడుస్తున్నాయి. ఈ వేళకు ఏ రైలు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి టైం టేబుల్ ఎప్పుడూ నెమ్మదైన రైలును బట్టే రాస్తారు. ఆఖరి పాత రైలు షెడ్డు దారి పట్టేదాకా మార్చిన రైలు దాని వేళలకే కట్టుబడి ఉండాలి. ముందు పాత రైలు ఉంటే మాకు పసుపు సిగ్నల్ తప్ప వేరే రంగు కనిపించదు. వెనకున్న రైలుకు ఎంత త్వరణం ఉన్నా చేసేదేమీ లేదు.

మిగిలిన ఆ ఆరు సెకన్లను మేం ఊరికే పారేయం. పవర్ ముందుగానే తీసేసి రైలును దాని ఊపు మీదే వదిలేస్తాం. 80 దాకా వెళ్లాల్సిన చోట 74 దగ్గర ఆపేస్తే రైలులో చేరే గతిశక్తి దాదాపు 14 శాతం తగ్గుతుంది, స్టేషన్‌కు చేరే వేళ మారదు. స్టేషన్ల మధ్య మోటారు శబ్దం ఎప్పుడు ఆగుతోందో వినండి. మార్చిన రైలులో త్వరగా ఆగుతుంది.

కరెంటు సరఫరా సంగతి కూడా ఉంది. 400 టన్నుల రైలు 0.8 త్వరణంతో 40 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు, నష్టాలతో కలిపి నాలుగు మెగావాట్ల దాకా లాగుతుంది. 1500 వోల్టుల డీసీ తీగ మీద అది 2,600 ఆంపియర్లకు పైమాటే. 25 వేల వోల్టుల ఏసీలో అదే పని 160 ఆంపియర్లతో అయిపోతుంది. డీసీ మార్గంలో పక్కపక్కనే రెండు రైళ్లు ఒకేసారి బయలుదేరితే నా ముందున్న వోల్టు మీటరు పడిపోవడం కనిపిస్తుంది. అందుకే చాలాచోట్ల కొత్త మోటార్లకు సాఫ్ట్‌వేర్‌లో కరెంటు పరిమితి పెడతారు. దక్షిణ ఇంగ్లండ్‌లో పక్కనుండే 750 వోల్టుల మూడో పట్టా నుంచి కరెంటు తీసుకుని నడిచే మార్గాలకు 2000 దశకంలో కొత్త రైళ్లు వచ్చినప్పుడు సబ్‌స్టేషన్లు చాలక సరఫరా వ్యవస్థనే భారీగా పెంచాల్సి వచ్చింది. ముంబయి సబర్బన్ 1925 నుంచి నడిపిన 1500 వోల్టుల డీసీని వదిలి 25 వేల వోల్టుల ఏసీకి మారింది, ఆ మార్పు 2016కు పూర్తయింది. రైలు ఒక్కదాన్నే మార్చితే సగం పనే అయినట్టు.

పట్టాలపక్క

పైన ఇద్దరూ చెప్పింది ఒప్పుకుంటాను గానీ, ముప్పై ఏళ్ల పెట్టె మీద ఇంత ఖర్చు నాకు మింగుడు పడటం లేదు. ఇంగ్లండ్‌లోనే గ్రేటర్ ఆంగ్లియా మార్గంలో 321 తరగతి రైళ్లు 30 తీసుకుని రెనేటస్ పేరుతో కొత్త మోటార్లు, ఎయిర్ కండిషనింగ్, లోపలి భాగం మొత్తం మార్చారు. కొన్నేళ్లు తిరక్కుండానే కొత్త రైళ్లు వచ్చి అవి పక్కకు తప్పుకున్నాయి. నైరుతి లండన్‌లో తిరిగిన 455 తరగతికి కూడా కొత్త మోటార్లు పెట్టారు, వాటి స్థానంలోకీ కొత్త రైళ్లు తెచ్చారు. ఆ డబ్బు నేరుగా కొత్త రైళ్ల మీద పెట్టి ఉంటే?

షెడ్డుమనిషి

పట్టాలపక్క గారూ, మీ బాధ న్యాయమైనదే. అయితే అక్కడ తప్పింది ఇంజనీరింగ్ కాదు. ఒకరు మార్పు చేయించారు, తర్వాత వచ్చినవారు కొత్త రైళ్లకు ఆర్డరు ఇచ్చారు. పెట్టె ఇంకా పదిహేను, ఇరవై ఏళ్లు తిరుగుతుందని రాతపూర్వకంగా తేల్చుకోకుండా మోటారు మార్చడం మొదలుపెట్టకూడదు.

ఆ తేల్చుకోవడం కూడా నేల కిందే మొదలవుతుంది. తలుపు గడప కింద, మరుగుదొడ్డి ఉంటే దాని చుట్టూ, పక్క గోడ నేలను కలిసే మూలల్లో నీరు చేరి ఉక్కు తినేస్తుంది. అల్ట్రాసోనిక్ మీటరు పెట్టి మందం కొలుస్తూ పోతే పైన రంగు మెరుస్తున్నచోట లోపల సగం మందమే మిగిలి ఉండటం చూశాను. అలాంటి పెట్టెకు కొత్త మోటారు పెట్టవద్దనే నేనూ అంటాను. స్టెయిన్‌లెస్ ఉక్కుదో అల్యూమినియందో అయితే పెట్టెకు ఇంకా ఆయుష్షు ఉంటుంది, అప్పుడు మార్పు గిట్టుబాటు అవుతుంది.

ఎంత గిట్టుబాటో చెప్పే కొలత ఒకటి ఉంది. జపాన్‌లో ఒడాక్యూ రైల్వే తన 1000 శ్రేణి లోకల్ రైళ్లలో పాత జీటీఓ రకం ఇన్వర్టర్లు (మోటారుకు త్రీఫేజ్ కరెంటు తయారుచేసి ఇచ్చే పరికరాలు) తీసేసి, నష్టం తక్కువుండే పూర్తి సిలికాన్ కార్బైడ్ రకం ఇన్వర్టర్లు పెట్టింది. 2015లో సాధారణ సర్వీసులోనే నాలుగు నెలల పాటు కొలిస్తే మోటార్లకు ఖర్చయ్యే కరెంటు దాదాపు 40 శాతం తగ్గింది. బ్రేకు వేసినప్పుడు తిరిగి తీగలోకి వెళ్లే వాటా 34 శాతం నుంచి 52 శాతానికి పెరిగింది. వాళ్ల పాత రైలుకు అప్పటికే రిజెనరేషన్, అంటే బ్రేకు వేస్తే కరెంటు తిరిగి పంపే ఏర్పాటు, ఉంది. నిరోధకాల రైలు నుంచి నేరుగా ఇక్కడికి దూకితే తేడా ఇంకా ఎక్కువ. 400 టన్నుల రైలు 80 కి.మీ. వేగంలో ఉంటే దాని గతిశక్తి 27 యూనిట్ల కరెంటుకు సమానం. పాత రైళ్లు ప్రతి స్టేషన్లోనూ ఆ మొత్తాన్ని బ్రేకు కట్టెల మీద పొడిగానూ వేడిగానూ వదిలేస్తాయి.

డీసీ మార్గంలో దీనికీ ఒక మెలిక ఉంది. సబ్‌స్టేషన్లో ఏసీని డీసీగా మార్చే మామూలు డయోడ్ రెక్టిఫైయర్ ఉంటే, అది కరెంటును ఒకవైపే వదులుతుంది కాబట్టి కరెంటు వెనక్కి గ్రిడ్‌లోకి పోలేదు. దగ్గరలో మరో రైలు అదే క్షణంలో లాగుతుంటేనే పనికొస్తుంది, లేకపోతే తీగలో వోల్టేజి పెరిగిపోయి రైలు మళ్లీ గాలి బ్రేకుకే మారుతుంది. రాత్రి ఆఖరి రైళ్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

రెండోపెట్టె

ఇద్దరికీ కృతజ్ఞతలు. మోటర్‌మ్యాన్ గారు చెప్పినట్టు ఈ రోజు చెవి పెట్టి విన్నాను. మార్చిన రైలులో ఈల శబ్దం సగం దారిలోనే ఆగిపోయింది. రబ్బరు బుడగ కూడా కనిపించింది, అంటే బరువు కొలిచే ఏర్పాటు ఉన్నట్టే. ఒక సంగతి అర్థం కాలేదు. తలుపులు మూసుకున్నాక కూడా రైలు కాసేపు కదలడం లేదు. పాతదానికీ మార్చినదానికీ ఈ ఆలస్యం ఒకేలా ఉంది.

షెడ్డుమనిషి

తలుపుల యంత్రం ముట్టుకోకుండా వదిలేశారని అర్థం. ప్రతి తలుపుకూ అది పూర్తిగా మూసుకుందో లేదో చెప్పే లిమిట్ స్విచ్ ఒకటి ఉంటుంది. అన్ని తలుపుల స్విచ్‌లూ ఒకే తీగలో వరుసగా కలిసి ఉంటాయి. అన్నీ మూసుకున్నట్టు తేలితేనే మోటారుకు పవర్ అందుతుంది. పాత గాలి సిలిండర్ల తలుపుల్లో ఒక్కో సిలిండరు ఒక్కో వేగంతో కదులుతుంది, అన్నిటికంటే బద్ధకమైన తలుపు కోసం మొత్తం రైలు ఆగుతుంది. తలుపు జారే గాడిలోని చెత్త అడ్డుపడి తలుపు చివరి అంగుళం దగ్గర బిగుసుకుంటే ఇంకా ఆలస్యం. నన్ను అడిగి ఉంటే మోటార్లతో పాటే విద్యుత్ తలుపులు పెట్టమనేవాణ్ని. మోటార్లు మిగిల్చిన ఆరు సెకన్లలో రెండు మూడు ఇక్కడే పోతున్నాయి.

మోటర్‌మ్యాన్_ఎడమసీటు

దానికి గార్డు గంట, నేను బదులు గంట, బ్రేకు పైపులో గాలి నిండి కట్టెలు చక్రాన్ని వదలడం కూడా కలపండి. పొడవాటి రైలులో గాలితోనే ఆదేశం అందే పాత బ్రేకు అయితే చివరి పెట్టె వదిలేసరికి ఇంకో రెండు సెకన్లు. ఆదేశం కరెంటుతో అందే ఎలక్ట్రో న్యూమాటిక్ బ్రేకు ఉంటే అన్ని పెట్టెలూ ఒకేసారి వదులుతాయి. రెండోపెట్టె గారూ, మీ పేరును బట్టి ముందు వైపే కూర్చుంటారని అనుకుంటున్నాను. ఒకసారి చివరి పెట్టెలో కూర్చుని కదిలే క్షణం గమనించండి. వెనక నుంచి పట్టి లాగినట్టు అనిపిస్తే బ్రేకు ఆలస్యంగా వదులుతోందని, అనిపించకపోతే ఆలస్యమంతా తలుపులదేనని తేల్చుకోవచ్చు. పాత రైళ్లన్నీ వెళ్లిపోయాక వచ్చే టైం టేబుల్ మార్పు కోసం అభ్యంతరాలూ సూచనలూ అడుగుతారు. అప్పుడు మీ కొలతలు రాసి పంపండి, తలుపుల సంగతి మొదటి వాక్యంలోనే పెట్టండి.