అన్న మీద కోపం పిల్లాడి మీద చూపిస్తున్నా, ఎట్లా ఆపుకోవాలి?

ఉల్లిమండీ_కర్నూలు:
అందరికీ నమస్తే. మార్కెట్ యార్డులో మా అన్న, నేను కలిసి ఉల్లిగడ్డల కమీషన్ వ్యాపారం చేస్తాం. అన్నకు మొదటి నుంచీ కోపం ఎక్కువే, కానీ ఈమధ్య హమాలీల ముందు, రైతుల ముందు కూడా "నీకు లెక్క రాదు, ఎందుకొస్తావురా" అని అరుస్తున్నాడు. నేను ఎదురు చెప్పను, తల వంచుకుని తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాస్తూనే ఉంటా, పెన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం వణుకుతుంటుంది. మొన్న రాత్రి మా వాడు ఒక్క కూడిక తప్పు చేస్తే "నీకు లెక్క రాదు" అనేశాను, అచ్చం అన్న గొంతుతో. రెండో క్లాసు పిల్లాడు. పుస్తకం మూసేసి వాళ్ళమ్మ దగ్గరికి పోయాడు. నాకు నిద్ర పట్టలేదు. వేరుపడే స్తోమత ఇప్పుడు లేదు. ఏం చెయ్యాలి?

ప్రొద్దుటూరు_అక్క:
తమ్ముడూ, మా అత్తతో పదేళ్లు ఇదే పడ్డా. అందరూ ఓర్చుకోమన్నారు, నేను మింగాను, మింగిందంతా పిల్లల మీద కక్కాను. చివరికి ఒకరోజు సాయంత్రం, ఇద్దరం అనపకాయలు ఒలుస్తున్నప్పుడు, "అత్తా, వచ్చినోళ్ల ముందు అంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది, మనిద్దరమే ఉన్నప్పుడు చెప్పు" అన్నా. పూర్తిగా మారలేదు, సగం తగ్గింది. అరుస్తున్నప్పుడు మాత్రం చెప్పొద్దు, మీ అన్న చల్లబడినాక చెప్పు.

నర్సు_అనంతపురం:
అన్నా, ఆ వణుకు అడ్రినలిన్ పని. అమెరికాలో జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్టు 1998లో ఒక ప్రయోగం చేశాడు. చెయ్యి తీసేసే ఆపరేషన్ ఫిల్ము చూపిస్తూ కొందరిని ముఖంలో ఏమీ కనపడనీయొద్దన్నాడు, కొందరిని డాక్టరు చూసినట్టు చూడమన్నాడు. ముఖం బిగబట్టినవాళ్లకు లోపలి అసహ్యం తగ్గలేదు, పైగా ఒంట్లో ఒత్తిడి పెరిగింది. చూసే తీరు మార్చుకున్నవాళ్లకే తగ్గింది. మీరు తల వంచుకుని చేసేది మొదటిదే. మీ అన్న అరిచినప్పుడు ఊపిరి మెల్లగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి, గుండె దడ తగ్గుతుంది. ఇంకోటి, ఆయన ఏ రోజుల్లో అరుస్తున్నాడో గమనించండి. అరవడం సరైనదని కాదు, అది మీ లెక్క గురించేనా అని తెలుస్తుంది. నిద్ర లేకపోవడం ఇట్లాగే ఉంటే 14416 టెలి మానస్‌కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చెయ్యండి, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఉల్లిమండీ_కర్నూలు:
అక్కా, నర్సమ్మా, చాలా థ్యాంక్స్. వారం చూశా. రేటు పడిపోయి రైతులు గొడవకు దిగిన రోజే అన్న నా మీద పడుతున్నాడు. అది తెలిసినా బాధ పోలేదు కానీ చెయ్యి వణకడం తగ్గింది. అన్నతో ఇంకా మాట్లాడలేదు, ఆదివారం యార్డు సెలవు, ఇంటికి పోయి అడుగుతా. పిల్లాడితో మాత్రం నిన్న చెప్పేశా, నాన్న అట్లా అనడం తప్పు రా అని. వాడు కాసేపు నా ముఖం చూసి, "పెదనాన్న నిన్ను అంటాడు కదా, నేను విన్నా" అన్నాడు.