చర్చ: బస్తీ యువతకు నాయకత్వ శిక్షణ పది రోజులు సరిపోతుందా? స్టైపెండ్ ఇవ్వాలా, వద్దా?

కొండవాలు:
అందరికీ నమస్కారం. విశాఖలో అరిలోవ వైపు కొండ మీది బస్తీల్లో 18 నుంచి 24 ఏళ్ల పిల్లలు ఇరవై మందికి మే నెలలో శిక్షణ పెట్టాలని మా కాలనీ సంఘం తీర్మానించింది. చెత్త, నీళ్లు, కాలువల పనులు రేపు వాళ్లే ముందుండి నడిపించాలన్నది ఉద్దేశం. ప్లాన్ పది రోజులు. మొదటి రెండు రోజులు మీటింగు నడపటం, నలుగురిలో మాట్లాడటం. తర్వాత రెండు రోజులు ఇంటింటి సర్వే. నాలుగు రోజులు తడిచెత్తతో ఎరువు, యాభై ఇళ్లకి రెండు గుంతలు. తొమ్మిదో రోజు కొండ పైవీధిలో ఇంకుడు గుంత. పదో రోజు అతిథులు, సర్టిఫికెట్లు. ఆ తర్వాత గుంతల బాధ్యత పిల్లలదే. చేతిలో లక్షా ఇరవై వేలున్నాయి. మనిషికి రెండు వేల చొప్పున స్టైపెండ్ ఇద్దామని కొందరు, ఇస్తే డబ్బు కోసమే వస్తారని కొందరు. ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
స్టైపెండ్ వద్దు. ఎన్‌ఎస్‌ఎస్‌ అంటే కాలేజీల్లో జాతీయ సేవా పథకం, 1969 నుంచి నడుస్తోంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240, మధ్యలో ఏడు రోజుల క్యాంపు. వలంటీరుకి నెలజీతం ఎక్కడిస్తున్నారు? డబ్బు పెట్టిన రోజున హాజరు పట్టీ నిండుతుంది, మధ్యాహ్నానికి గది ఖాళీ అవుతుంది. నలభై వేలు సంతకాలకి పోతాయి.

ఎర్రమట్టి:
మాస్టారూ, ఎన్‌ఎస్‌ఎస్‌కి వెళ్లేది కాలేజీలో ఉన్న పిల్లలు, చివర్లో వాళ్లకో సర్టిఫికెట్ పనికొస్తుంది. కొండ మీద నుంచి రావాల్సింది ఇంటర్ మధ్యలో మానేసి డెలివరీ బండి తోలుతున్న కుర్రాడు, పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్‌కి వెళ్లే అమ్మాయి. పది రోజుల కూలి వాళ్లు వదులుకోలేరు. మీ గదిలో మిగిలేది కిందివీధి డాబా ఇళ్ల పిల్లలే.

హాజరుకి డబ్బు ఇవ్వకండి, పనికి ఇవ్వండి. సర్వేలో జంటకి 25 ఇళ్లు. ఆ ఇరవై అయిదు ఫారాల్లోంచి మూడు చీటీ తీసి, వేరే జంట అదే ఇంటికి వెళ్లి అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఇంట్లో ఎంతమంది, కుళాయి ఎన్నింటికి వస్తుంది, చెత్త ఎక్కడ పోస్తున్నారు. ఒక్క ఫారం తేడా వచ్చినా కట్ట మొత్తం తిరగరాయాలి. అప్పుడే డబ్బు. ఇంట్లో కూర్చుని నింపిన ఫారాలు రెండో రోజే బయటపడతాయి.

జాలారిపేట గాలి:
ఇంతకీ ఇరవై మందిలో ఆడపిల్లలెంతమందండీ?

కొండవాలు:
ఇప్పటికి పేర్లిచ్చినవాళ్లలో ఆరుగురు.

తడిచెత్త:
స్టైపెండ్ మీరు తేల్చుకోండి, ముందు ఆ రెండు గుంతల లెక్క చూడండి. ఇంటికి రోజుకి ముప్పావు కిలో తడిచెత్త అనుకున్నా యాభై ఇళ్లకి 37 కిలోలు దాటుతుంది. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో పట్టేది సుమారు 760 లీటర్లు. బకెట్ తడిచెత్తకి రెండు బకెట్ల ఎండుటాకులు వెయ్యాలి కాబట్టి తడిచెత్త వాటా 250 లీటర్లు, అంటే 125 కిలోలు. మూడు రోజుల్లో నిండుతుంది. కుంగినకొద్దీ పైన వేస్తూ పోతే వారం. ఎరువు అవడానికి 45 నుంచి 60 రోజులు. మూడో వారం చెత్త ఎక్కడ పోస్తారు? ఎనిమిది అరలైనా కావాలి. అవీ గుంతలు కావు. కొండవాలు మీద గుంత తవ్వితే పైనుంచి ఊట దిగుతుంది. ఆరంగుళాల దిమ్మ వేసి, ఇటుకల మధ్య సందులు వదిలి గోడ కట్టి, పైన రేకు వెయ్యాలి.

ఇంకోటి, మే నెల. ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, దాంతో పని పడేది శ్రావణ భాద్రపదాల్లో. మే నాటికి ఊడ్చి తగలబెట్టేసి ఉంటారు. 37 కిలోలంటే 75 లీటర్ల తడిచెత్త, దానికి 150 లీటర్ల ఎండుటాకు, అంటే వంద లీటర్ల బస్తాలు రోజుకి ఒకటిన్నర. వానాకాలం నాలుగు నెలలకి 180 బస్తాలు. నలిపి కూరితే సగానికి సగం తగ్గుతాయి, అయినా దాచడానికి చోటు కావాలి. ఆకు లేక ఉత్త తడిచెత్త పోస్తే గాలి ఆడదు, జూన్ వానకి కుళ్లి కంపు కొడుతుంది, పురుగులు పక్కింటి గడప దాకా పాకుతాయి. తిట్లు తినేది పిల్లలు.

పిల్లలకి నేర్పాల్సింది స్లైడ్లు కాదు. గుప్పెడు తీసి గట్టిగా పిండాలి: ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిగ్గా ఉంది, ధార కారితే ఆకు వెయ్యాలి, పొడిగా విడిపోతే నీళ్లు చల్లాలి. ఇనుప ఊచ మధ్యలో గుచ్చి అయిదు నిమిషాలాగి తీసి పట్టుకోవాలి. చెయ్యి కాలి వదిలేస్తే కుప్ప పనిచేస్తున్నట్టు. ఆ వేడి 55 డిగ్రీల పైన మూడు రోజులైనా నిలవాలి. వారానికోసారి తిరగెయ్యాలి. ఇది నాలుగు రోజుల్లో ఎలా చూపిస్తారు? మొదటి తిరగేత ఏడో రోజున!

లెక్కల మాస్టారు:
ఎండుటాకులకి పెట్టే ఖర్చయినా కంటికి కనిపిస్తుంది. స్టైపెండుకి ఏం కనిపిస్తుంది? నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఎర్రమట్టి:
చెప్పాను. చదవలేదు మీరు.

ఖొండలైట్:
తొమ్మిదో రోజు ఇంకుడు గుంత మాట ఎవరూ ఎత్తరేం? కొండ పైవీధిలో నీళ్లు ఇంకిస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? కింది ఇంటి రిటైనింగ్ వాల్, అంటే మట్టిని ఆపే గోడ, వెనక్కి. మన కొండల్లో శిథిలమైన ఖొండలైట్ రాయి మీద ఎర్రమట్టి. నీళ్లు పట్టి బరువెక్కితే గోడని తోసేస్తుంది. ఇంకుడు గుంతలు కింద చదునులో తవ్వుకోండి, వాలు మీద వద్దు.

అక్కడ చెయ్యాల్సిన పని వేరే ఉంది. గోడల్లో నీళ్లు కారడానికి వదిలిన కంతలు మట్టితో, ప్లాస్టిక్‌తో పూడిపోయి ఉంటాయి. వానలకి ముందే ప్రతి కంతా ఊచతో పొడిచి చూడాలి. గోడ ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ నిలువు పగులుంది రాసుకుని ఫొటోతో వార్డు సచివాలయంలో ఇచ్చి రశీదు తీసుకోవాలి. గెడ్డలో, అంటే కొండవాగులో, మెట్ల కింద ఇరుక్కున్న చెత్త తియ్యాలి. వాన నీళ్లే కావాలంటే డాబాల మీద పట్టండి. 500 చదరపు అడుగుల డాబా మీద సెంటీమీటరు వాన పడితే 460 లీటర్లు. మొదటి 90 లీటర్లు దుమ్ము కడిగి బయటికి పోనివ్వండి, మిగతాది డ్రమ్ములోకి.

కొండవాలు:
ఇంకుడు గుంత తీసేస్తున్నాను. థాంక్సండీ. మరి స్టైపెండ్?

ఎర్రమట్టి:
రోజులు, స్టైపెండ్ రెండూ పక్కన పెట్టండి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఉపాధి హామీకి సామాజిక తనిఖీ మొదలైనప్పుడు ఊరి తనిఖీదారులుగా తీసుకున్నది కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్నే. కొద్ది రోజుల శిక్షణ, వెంటనే పని. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని గడపగడపకీ వెళ్లి, ఈ వారం నువ్వు పని చేశావా, నీ చేతికి ఎంత వచ్చింది అని అడగటం, కాలువ పొడవు టేపుతో కొలవటం, చివరికి అధికారుల ముందు బహిరంగ సభలో చదివి వినిపించటం. పద్దు చదవటం, కొలవటం, అందరి ముందు అడగటం. నాయకత్వ శిక్షణ అంటే నా లెక్కలో ఇదీ. మీ పది రోజుల్లో పద్దు చదవటం ఏ రోజున ఉంది?

సమాచార హక్కు అర్జీ ఒకటి వాళ్ల చేత రాయించండి. నగరంలో పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, రాకపోతే మొదటి అప్పీలు. "మా వార్డులో అభివృద్ధి వివరాలు" అని రాస్తే ఏమీ రాదు. ఫలానా వీధి కాలువ అంచనా కాపీ, కొలతల పుస్తకం కాపీ అని అడగాలి.

లెక్కల మాస్టారు:
సామాజిక తనిఖీ వెనక చట్టం ఉంది. పైగా వాళ్లు సొంత ఊళ్లో తనిఖీ చెయ్యరు, వేరే ఊరికి వెళ్తారు. చేసి వచ్చేస్తారు. ఇక్కడ పిల్లలు పొద్దున్న లేస్తే అదే మెట్ల మీద నిన్న లెక్క అడిగిన మేనమామే ఎదురుపడాలి. పోలికే కుదరదు. పైగా వీళ్లని అర్జీల మీద పెడితే వార్డు శానిటేషన్ సెక్రటరీ రేపు మనం పిలిస్తే వస్తారా? కావాల్సింది పని జరగటం.

ఎర్రమట్టి:
అదిగో, వచ్చేశారు. పని జరగటం అంటే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చెయ్యాల్సిన పని ఇరవై మంది పిల్లలు ఉచితంగా చెయ్యటం. టీషర్టు ఇచ్చి చీపురు పట్టించి దాన్ని నాయకత్వం అంటారు. నగరంలో ఒక సంస్థ నడిపిన శిక్షణ ఇలాగే అయింది: ఫొటోల్లో అరవై మంది, ఏడాదికి నలుగురు, ఆ నలుగురికీ ఖర్చు ఎంతయిందో ఒక్కసారీ చూపించలేదు.

లెక్కల మాస్టారు:
మాటలు జాగ్రత్త. సంఘం డబ్బు సభ్యుల చందా. ఇరవై ఏళ్ల కుర్రాడి సంతకం మీద తియ్యటానికి నేను ఒప్పుకోను.

ఎర్రమట్టి:
ఇప్పుడు బయటపడింది! మీ గొడవ స్టైపెండ్‌తో కాదు, చెక్కు మీద సంతకంతో.

లెక్కల మాస్టారు:
అవును, సంతకంతోనే. తప్పేముంది?

తడిచెత్త:
మీరిద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆ కుప్ప తిరగేసేదెవరో ఎవరూ చెప్పరా? వారానికి ఎనిమిది అరలు, ఇద్దరు మనుషులు, అరకి అరగంట. నాలుగు గంటల పని. ఆరు నెలలు.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాం.

పొదుపు పుస్తకం:
తిరగేసేది ఎవరో నేను చెప్తాను. మేమే. కుర్రోళ్లు అచ్యుతాపురమో హైదరాబాదో ఉద్యోగాలకి పోతారు, పొద్దున్నే కంపు వస్తే పార పట్టేది పొదుపు సంఘం ఆడోళ్లు. ఇంతసేపు చదివాను, ఒక్కరైనా మా మాట ఎత్తారా? బస్తీలో నాయకులు లేనట్టు, మీరు తయారు చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. సంఘానికి పది మందిమి. పంచసూత్రాలని మాకు నేర్పారు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఏ ఇంట్లో ఎవరికి ఎంత అప్పుందో, ఎవరు మాట మీద నిలబడతారో మాకు తెలుసు. మీరు కుర్రోళ్లకి మైకు ఇచ్చి మా నెత్తిన కూర్చోబెడతారు, రెండేళ్లకి ఏదో ఒక పార్టీవోళ్లు ఎత్తుకుపోతారు.

అయిదు సంఘాలు కలిస్తే ఇరవై మంది వచ్చేస్తారు. సంఘానికి నలుగురు పిల్లలు, పేర్లు సంఘమే చెప్తుంది, నెలనెలా సంఘం మీటింగులో పద్దు చదివి వినిపించాలి. స్టైపెండ్ మా పుస్తకంలోంచి వెళ్లాలి. ఎవరు పని చేశారో, ఎవరు చెయ్యలేదో మా కళ్ల ముందే ఉంటుంది కదా.

ఎర్రమట్టి:
అమ్మా, మీ మాటలో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. సంఘమే పేర్లు చెప్తే లీడర్ల కొడుకులూ మేనల్లుళ్లూ వస్తారు. కొండ పైకొసన ఉన్న వీధి నుంచి మీ సంఘాల్లో ఎంతమంది ఉన్నారు? బండి అక్కడికి ఎక్కదు, కుళాయి చివరికి వచ్చేది అక్కడికే, ఆ ఇళ్లవాళ్లు ఏ మీటింగుకీ రారు. పైగా పంతొమ్మిదేళ్ల కోడలు అత్తగారి సంఘంలో లేచి పద్దు తప్పు అనగలదా?

పొదుపు పుస్తకం:
అనలేదు. మరి మీ మాస్టారి సంఘంలో అనగలదా?

జాలారిపేట గాలి:
😀

ఖొండలైట్:
పేర్ల కన్నా ముందు మ్యాపు వెయ్యండి. రోడ్డు మీద ముగ్గుపిండితో బస్తీ అంతా గీయించండి: మెట్లు, కుళాయిలు, గెడ్డ, దీపం లేని స్తంభాలు. సాయంత్రం ఆరు తర్వాత. ముగ్గు డబ్బా ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వీధే పెద్దగా వస్తుంది, అందుకని పావుగంటకోసారి చెయ్యి మార్చాలి. శిక్షణలో ఉన్న పిల్లలు గియ్యకూడదు, రాసుకోవాలి. పైవీధి అసలు గీయకుండా మిగిలిపోతే అదే మీకు జవాబు. చెరిగేలోపు కాగితం మీదికి ఎక్కించండి. మరుసటి సాయంత్రం పైవీధిలోనే ఇంకో మ్యాపు వేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

లెక్కల మాస్టారు:
నేను ఎవరి సంతకమూ వద్దనలేదు. ఖాతాలో ముగ్గురి పేర్లు, చెక్కు మీద ఇద్దరి సంతకం తప్పనిసరి. కాలనీ సంఘం నుంచి ఒకరు, పొదుపు సంఘం నుంచి ఒకరు, పిల్లల నుంచి ఒకరు. చేతి నగదు రెండు వేలు దాటకూడదు. వోచరు లేని ఖర్చు పద్దులోకి ఎక్కదు.

ఎర్రమట్టి:
ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా పిల్లల నుంచి అని రాయండి. లేకపోతే మీరిద్దరే పెట్టేస్తారు. అలాగే కాలనీ సంఘం పద్దు చదవమని పిల్లలు అడిగితే చూపించాలి.

లెక్కల మాస్టారు:
సంఘం పద్దు వేరే సంగతి.

ఎర్రమట్టి:
వేరే కాదు మాస్టారూ.

కొండవాలు:
ఇప్పటికి నాకు అర్థమైంది ఇది. మే నెలలో ముగ్గు మ్యాపులు, సర్వే, గోడల కంతలు, గెడ్డ. ఎరువు కుప్ప ఒక్క పది ఇళ్లకి, నేర్చుకోవటానికి మాత్రమే, రెండు అరలు, ఆకు లేదు కాబట్టి రంపపు పొట్టు కొనాలి. మిగతా ఇళ్లకి వచ్చే మాఘంలో ఆకు పోగుచేశాక. పది రోజుల బదులు వారానికి రెండు సాయంత్రాలు, ఆరు నెలలు. స్టైపెండ్ నెలకి అయిదు వందలు, పనికే, మొత్తం అరవై వేలు. ఇటుకలు, రేకులు, పారలకి ముప్పై అయిదు వేలు. మిగిలిన పాతిక వేలు పిల్లలు తీర్మానం చేసి ఖర్చు పెట్టుకోవటానికి. సర్టిఫికెట్ల రోజు తీసేశాను. పేర్లు ఎవరు చెప్పాలి, సంఘం పద్దు చూపించాలా అన్నవి నేను తేల్చలేను. ఆదివారం పది గంటలకి కమ్యూనిటీ హాల్లో కూర్చుందాం.

తడిచెత్త:
పది ఇళ్లకి ఏడెనిమిది కిలోలే వస్తుంది. కుప్ప వేడెక్కాలంటే మూడడుగుల ఎత్తు చేరాలి, అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. రెండు అరలు చాలవు, మూడు కట్టండి. మొదట్లో పేడనీళ్లు గానీ పుల్లమజ్జిగ గానీ చల్లండి.

లెక్కల మాస్టారు:
ఆదివారానికి బైలా కాపీ తెస్తాను.

పొదుపు పుస్తకం:
ఆదివారం పదింటికి మా వీధి కుళాయి వచ్చే టైము. ఆడోళ్లు ఒక్కరూ రారు. అయిదింటికి పెట్టండి.