వైజాగ్‌లో పాత మాన్యువల్ స్పోర్ట్స్ కార్లు: కొంటే మళ్లీ అమ్ముడవుతాయా?

సీతమ్మధార_రైడర్:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే నేవీ ఆఫీసర్ గారికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆయన దగ్గర ఫియట్ వాళ్ల 2016 మోడల్ అబార్త్ పుంటో ఉంది, మహారాష్ట్ర నంబరు. "తెలిసినవాడివి, బండిని బాగా చూసుకుంటావు, నువ్వే తీసుకో" అంటున్నారు. బండి నడిపి చూశాను, మనసు పడిపోయింది. ఇంట్లో నాన్నగారు మాత్రం ఒకటే మాట: "కంపెనీయే దేశంలో అమ్మకాలు ఆపేసింది, రేపు నువ్వు అమ్మితే ఎవడు కొంటాడు?" ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఇంకోపక్క నెట్‌లో చూస్తే ఇవే బండ్లకు మామూలు పుంటో కంటే బాగా ఎక్కువ రేటు చెబుతున్నారు. మాన్యువల్ స్పోర్ట్స్ బండ్లు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు మీ అనుభవం చెప్పండి. స్కోడా లారా వీఆర్ఎస్ (లారాలో స్పోర్ట్స్ మోడల్), ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) కూడా ఆలోచనలో ఉన్నాయి.

మురళీనగర్_పిస్టన్:
గురూ, ముందు ఒక సంగతి విడదీసి చూడాలి. తక్కువ బండ్లు తయారైతే అరుదైనది అవుతుంది. రేటు నిలవాలంటే మాత్రం దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉండాలి, స్పేర్లు దొరకాలి. మన దేశంలో ఎవరికీ అక్కర్లేక అమ్ముడుపోని బండ్లు బోలెడు ఉన్నాయి. అవీ అరుదైనవే, తుక్కు రేటుకి పోతున్నాయి.

నువ్వు చెప్పిన మూడింటినీ ఆ లెక్కలో చూడు. అబార్త్ పుంటో 2015 అక్టోబరులో వచ్చినప్పుడు ఢిల్లీ షోరూం ధర 9.95 లక్షలు. 1.4 టీ-జెట్ టర్బో ఇంజన్, 145 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్కులు. ఆటోమేటిక్ అసలు ఇవ్వలేదు. పది లక్షల్లోపు అంత పవరున్న హ్యాచ్‌బ్యాక్ అప్పట్లో ఇంకోటి లేదు. అందుకే దాన్ని గుర్తుపెట్టుకుని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

లారా వీఆర్ఎస్ 2011లో వచ్చింది. 1.8 టీఎస్ఐ, 160 పీఎస్, 6 గేర్ల మాన్యువల్. ఆ తర్వాత స్కోడా తెచ్చిన ఆక్టేవియా వీఆర్ఎస్‌లు, 2017 నాటి 230 గానీ 2020 నాటి 245 గానీ, డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మాత్రమే వచ్చాయి. అంటే వీఆర్ఎస్ బ్యాడ్జీ, క్లచ్ పెడల్ రెండూ కావాలనుకునేవాడికి మన దేశంలో లారా, దానికి ముందు వచ్చిన మొదటి తరం ఆక్టేవియా తప్ప వేరే దారి లేదు. రేటుకి అదే కాపలా.

పోలో కథ వేరు. 2013లో వచ్చిన జీటీ టీఎస్ఐ ఆటోమేటిక్ మాత్రమే. 2016లో వచ్చిన మూడు డోర్ల జీటీఐ కూడా అంతే. పెట్రోల్ టర్బోకి మాన్యువల్ 2020లో 1.0 టీఎస్ఐతో వచ్చింది, 2022లో పోలోనే ఆగిపోయింది. రెండేళ్లే ఆయుష్షు. అయినా ఆ ఇంజన్ కుటుంబమే వర్టస్, టైగన్, స్లావియా, కుషాక్‌లో నడుస్తోంది కాబట్టి స్పేర్ల బెంగ లేదు. మూడింట్లో డబ్బు భద్రంగా ఉండేది ఇందులోనే.

లాసన్స్‌బే_లైన్:
పోలోకి నాదీ ఓటు. నాది మాన్యువల్ టీఎస్ఐ. పెట్రోల్ బంక్‌లో ఆగితే "అమ్ముతారా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. అమ్మను.

ఎంవీపీ_డబుల్‌రోడ్:
నేను కాస్త అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. వైజాగ్‌లో మాన్యువల్‌కి గిరాకీ అని అందరూ అంటున్నారు గానీ నాకు కనిపించింది వేరు. ఎన్ఏడీ, గాజువాక, హనుమంతవాక ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు ఆటోమేటిక్కే అడుగుతున్నారు. మా ఇంట్లో వాడిన మామూలు ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్ వారం తిరక్కుండా పోయింది. మా బావమరిది మాన్యువల్ బలేనో ఆర్ఎస్ నెలల తరబడి యాడ్‌లోనే ఉంది. ఫోన్ చేసినవాళ్లంతా "మైలేజీ ఎంత?" అనేవాళ్లే. 2017లో వచ్చి 2020లో ఆగిపోయిన బండి, 1.0 బూస్టర్‌జెట్ టర్బో, వెనక కూడా డిస్కులు. వాటి గురించి ఒక్కరూ అడగలేదు. చివరికి మామూలు బలేనో రేటుకి కాస్త అటూ ఇటూగా ఇచ్చేశాడు.

మురళీనగర్_పిస్టన్:
మీరు చెప్పింది నిజమే అన్నయ్యా. దానికి కారణం కూడా ఉంది. అది స్పోర్ట్స్ బండి అని కొనేవాడికి తెలియాలి. యాడ్‌లో "బలేనో, ఫస్ట్ ఓనర్" అని పెడితే ఫోన్ చేసేది ఫ్యామిలీ బండి కోసం వెతికేవాడే. ఈ రకం బండ్లకు మన ఊళ్లో కొనేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బెంగళూరు, కొచ్చి, హైదరాబాద్, పుణె, అక్కడున్నారు వీటి కోసం కాచుకుని కూర్చునేవాళ్లు.

బయట దేశాల్లోనూ ఇదే తీరు. పోర్షే 2013లో 911 జీటీ3ని మాన్యువల్ లేకుండా తెచ్చింది. అభిమానులు గొడవ చేశారు. 2016లో మాన్యువల్‌తో మాత్రమే 911 ఆర్ అని 991 బండ్లు చేస్తే, అవి షోరూం రేటుకి ఎన్నో రెట్లకు చేతులు మారాయి. 2017లో జీటీ3కి మాన్యువల్ మళ్లీ వచ్చింది. వచ్చాక 911 ఆర్ రేట్లు దిగాయి కూడా. అది మర్చిపోకూడదు: కంపెనీ మళ్లీ అలాంటి బండి తెస్తే పాతదాని మీద ఉన్న మోజు తగ్గుతుంది. మన దగ్గర వెర్నా టర్బోకి, వర్టస్ 1.5కి మాన్యువల్ వచ్చాక పాత సెడాన్ల అమ్మకందార్లు రేటు పట్టుకుని కూర్చోవడం కష్టమైంది.

ఆటోనగర్_మాస్టారు:
బాబూ, రేట్ల సంగతి మీరు మాట్లాడుకోండి, బండి సంగతి నేను చెబుతాను. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను.

వైజాగ్ బండికి మొదటి శత్రువు ఉప్పుగాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు ఫ్లాట్లలో బయట నిలబెట్టిన బండి పైకి మెరుస్తూనే ఉంటుంది. కింద పడుకుని చూడాలి. టార్చి పట్టుకుని లోయర్ ఆర్ములు, బ్రేక్ పైపులు, సైలెన్సర్ అతుకులు చూడు. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్పేర్ టైరు తీసి, ఆ గుంత అడుగున వేలు పెట్టి రుద్దు. ఎర్రటి పొడి వేలికి అంటితే నీళ్లు నిలుస్తున్నాయన్నమాట. సీటు ముందుకు జరిపి రైలు బోల్టులు చూడు. బండి ఎప్పుడైనా మునిగి ఉంటే అక్కడ తుప్పు, సందుల్లో ఎండిన బురద తప్పకుండా దొరుకుతాయి. ఎంత కడిగించినా ఆ సందులోది పోదు. లారా లాంటి 2012, 2013 బండ్లకు ఇది మరీ ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, చెట్లు పడి టాపులు నలిగిన బండ్లు, నీళ్లలో నానిన బండ్లు బాగుచేసి అమ్మేశారు. పిల్లర్లు, టాపు కలిసే చోట వెల్డింగు మచ్చలు, పెయింటు మందం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడుగు.

ఇక గేర్‌బాక్స్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టు. వేడెక్కించి రెడీగా పెడితే, వద్దు, రేపు పొద్దున్నే వస్తానని చెప్పు. మూడో గేరు నుంచి రెండుకి దించేటప్పుడు గరగరమంటే గేర్లను మెత్తగా కలిపే సింక్రో రింగు అరిగింది. తర్వాత ఎత్తు రోడ్డు మీద, సింహాచలం కొండ రోడ్డు చాలు, నాలుగో గేరులో 50 మీద ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు పెరక్కపోతే క్లచ్ జారుతోంది. టర్బో బండ్లలో ఇది త్వరగా బయటపడుతుంది, టార్క్ ఒక్కసారిగా వస్తుంది గనక. లారాలో ఇంజన్ అదురు తగ్గించే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లో గలగల శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే తీరు మారితే ఆ ఫ్లైవీల్‌నే చూపించాలి. క్లచ్ సెట్టుతో పాటు ఫ్లైవీల్ కూడా వేయాల్సి వస్తే పెద్ద బిల్లు. అది ముందే రేటులో తగ్గించి మాట్లాడుకో.

సీతమ్మధార_రైడర్:
మాస్టారూ, చాలా థ్యాంక్స్ అండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అబార్త్‌కి స్పేర్ల పరిస్థితి ఏమిటండీ?

ఆటోనగర్_మాస్టారు:
బాడీ చాలావరకు పుంటో ఈవోదే. ఇంజన్ కూడా పూర్తిగా ఒంటరిది కాదు, టీ-జెట్ లీనియాలోనూ వచ్చింది. ఫిల్టర్లు, బెల్టులు, బుష్‌ల లాంటివి తెప్పించుకోవచ్చు. దానికే ప్రత్యేకమైన బంపర్, అల్లాయ్ చక్రాలు, లోపలి ట్రిమ్ పోతేనే కష్టం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకో.

డాక్‌యార్డ్_డైరీ:
నేవీ వాళ్ల బండి అంటే ఒక మంచి ఉంది, ఒక తలనొప్పి ఉంది. మంచి ఏమిటంటే, సాధారణంగా సర్వీస్ రికార్డు పక్కాగా ఉంటుంది, తిరిగింది తక్కువ. సెయిలింగ్‌లో ఉన్నన్ని రోజులు బండి పార్కింగ్‌లోనే. (అలా నిలిచిపోయిన బండికి టైర్లు, బ్యాటరీ, రబ్బరు సీళ్లు చూసుకోవాలి. టైరు పక్క మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.)

తలనొప్పి వేరే రాష్ట్రం నంబరు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి. లోను ఉండి ఉంటే, అది తీరిపోయిందని ఫారం 35, బ్యాంకు లెటరు. ఆపై ఇక్కడ పేరు మార్పుకి 29, 30 ఫారాలు, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానిది వాపసు అడగొచ్చు గానీ, అది వచ్చేసరికి ఓపిక నశిస్తుంది. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఆఫీసర్ గారు ఎంత పెద్దమనిషైనా, రేపు అండమాన్ వెళ్లిపోయాక ఒక సంతకం కోసం ఎన్ని ఫోన్లు చేస్తావు? ఆయన ఇక్కడ ఉండగానే అన్నీ చేయించుకో.

ఇంకోటి, పాత ఏపీ 31 నంబరున్న బండికి వైజాగ్‌లో ఒక ముచ్చట ఉంది. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ అయిపోయింది కదా. రేటు పెంచేంత కాదు గానీ, లోకల్ బండి అని తెలిసి ధైర్యంగా వస్తారు.

అక్కయ్యపాలెం_ఆర్ఎస్:
లారా వీఆర్ఎస్ అమ్మిన అనుభవం నాది. మొదట ఊళ్లో ఒక పెద్ద పాత కార్ల కంపెనీకి చూపించాను. వాళ్ల యాప్‌లో అది మామూలు లారా లెక్కే. మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు కొట్టి ఒక అంకె చెప్పారు. "ఇది వీఆర్ఎస్ అండి, దీనికి వేరే గిరాకీ ఉంది" అంటే ఆ కుర్రాడు పాపం స్క్రీన్ నాకే చూపించాడు, అందులో ఆ ఆప్షనే లేదు. వెనక్కి తెచ్చేశాను. తర్వాత అభిమానుల గ్రూపుల్లో పెట్టాను. బెంగళూరు నుంచి ఒకాయన రాత్రి రైలెక్కి వచ్చి, పొద్దున్నంతా బండి కింద పడుకుని చూసి, సాయంత్రానికి తోలుకుపోయారు. యాప్ చెప్పినదానికి చాలా పైనే ఇచ్చారు.

ఆయన మొదట అడిగింది ఇంజన్ గురించి కాదు, కంపెనీ సీట్లు, చక్రాలు, సైలెన్సరు, ఒరిజినల్ స్టీరింగ్ ఉన్నాయా అని. నేను సైలెన్సరు మార్చినప్పుడు పాతది గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. అది చూడగానే ఆయన ఇంకా తగ్గించమని అడగడం మానేశారు. రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవరు పెంచడం) చేసిన బండి అయితే చాలామంది వెనకడుగు వేస్తారు. బండిని ఎంత గట్టిగా తోలారో తెలియదు కదా. 2019లో సుప్రీంకోర్టు కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం కుదరదని చెప్పాక, 15 ఏళ్ల రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కూడా కంపెనీ ఇచ్చినట్టే స్టాక్‌గా ఉంటేనే ప్రశాంతం. ఇప్పుడు ఆ బండి లేదు. నాకు అది ఇప్పటికీ బాధే. అందుకే నువ్వు కొంటే అమ్మడం కోసం కొనకు తమ్ముడూ.

ఎంవీపీ_డబుల్‌రోడ్:
15 ఏళ్ల మాట వచ్చింది కాబట్టి ఖర్చు కూడా చెప్పాలి. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటితే 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. 2004 ఆక్టేవియా వీఆర్ఎస్, పాత పాలియో 1.6 లాంటివి వెతికేవాళ్లు ఇవి కలిపి లెక్కేసుకోవాలి.

ఇన్సూరెన్స్ ఇంకో గొడవ. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ (ఇన్సూరెన్స్‌లో బండికి రాసే విలువ) కంపెనీ, ఓనరు మాట్లాడుకుని పెట్టుకునేదే. ఆన్‌లైన్‌లో వచ్చిన అంకెకి ఓకే కొట్టేస్తే చాలా తక్కువ పెడతారు. మార్కెట్లో ఎక్కువ పలికే బండి దొంగతనానికి పోయినా, టోటల్ లాస్ అయినా చేతికి వచ్చేది ఆ ఐడీవీయే. ఏజెంటుతో మాట్లాడి, అలాంటి బండ్ల అమ్మకం రేట్లు చూపించి పెంచమనండి.

లాసన్స్‌బే_లైన్:
ఇంకో ముక్క. మాన్యువల్ అడిగేవాళ్లలో సగం మంది 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ భయంతో వచ్చేవాళ్లే. వారంటీ అయిపోయాక మెకాట్రానిక్స్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోతే ఖర్చు భరించలేమని. పదేళ్లు దాటిన జర్మన్ బండ్లలో క్లచ్ పెడలున్నదే ముందు అమ్ముడుపోవడానికి ఇది పెద్ద కారణం. మోజు ఒక్కటే కాదు.

సీతమ్మధార_రైడర్:
అందరికీ చేతులెత్తి నమస్కారం. మాస్టారు చెప్పినట్టే పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో చూశాను. రెండో గేరు మెత్తగా పడింది, కొండ రోడ్డులో క్లచ్ జారలేదు. స్పేర్ టైరు గుంత పొడిగా ఉంది. కుడి వెనక బ్రేక్ పైపు మీద మాత్రం తుప్పు పొక్కులు ఉన్నాయి, ఫొటో తీసి ఆయనకి చూపించాను, మార్పించి ఇస్తామన్నారు. టైమింగ్ బెల్టు బిల్లు ఫైల్లో ఉంది. చక్రాలు కంపెనీవే. నాన్నగారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. "పదేళ్లు ఉంచుకునేట్టయితే కొను, రెండేళ్లలో అమ్మేట్టయితే పోలో చూడు" అన్నారు. ఉంచుకుంటాను. ఎన్ఓసీకి అప్లై చేయించాం.

డాక్‌యార్డ్_డైరీ:
మంచి మాట. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చలాన్లు, హైపోథికేషన్ (లోను తాకట్టు) చూసుకున్నావా? ముంబై సీ లింక్ మీద కొట్టిన స్పీడు చలాను ఒకటి మిగిలిపోయి ఉన్నా ఎన్ఓసీ ఆగిపోతుంది. ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కూడా ఇప్పుడే రెండు మూడు తీసి పెట్టుకో, ఇక్కడి ఆఫీసులో అడిగితే పనికొస్తాయి.

ఆటోనగర్_మాస్టారు:
బ్రేక్ పైపు ఒకటి మారిస్తే సరిపోదు, రెండోది కూడా చూడమను. బండి నీ పేరు మీదకి వచ్చాక ఒకసారి లిఫ్ట్ ఎక్కించి కింద కడిగించి తుప్పు పట్టకుండా అండర్‌కోటింగ్ కొట్టించు. వానాకాలం రాకముందే చేయించు.