ఉగాది బ్యాడ్జీలు: తెలుగు పేర్ల ప్రింటింగ్ పని

బ్యాడ్జీల టీమ్:
అందరికీ నమస్కారం. ఈసారి బ్యాడ్జీ మీద పేరు తెలుగులో పెద్దగా, ఇంగ్లీషులో కింద చిన్నగా ఉండాలని మీటింగ్‌లో అనుకున్నాం కదా. ఒక్కో పేరు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ షీట్‌లోని పేర్లన్నిటికీ కమాండ్ లైన్ (కంప్యూటర్‌కి టైప్ చేసి ఇచ్చే ఆదేశాలు) నుంచే వరసగా పీఎన్‌జీ బొమ్మలు తీసేయొచ్చు.

అయితే తెలుగుతో ఒక చిక్కుంది. బొమ్మలు తయారుచేసే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రామ్‌లో అందరూ వాడే లేబుల్ పద్ధతి, షేపింగ్ (అక్షరాల్ని కలిపి సరైన రూపంలో చూపించడం) సపోర్ట్ లేని ఇన్‌స్టలేషన్‌లో అక్షరం పక్కన అక్షరం పేర్చి ఊరుకుంటుంది. 'లక్ష్మి' ఇస్తే వత్తులు కిందికి దిగవు. క, ష, మ విడివిడిగా, మధ్యలో పొల్లుతో వస్తాయి. యూనికోడ్‌లో తెలుగు వత్తులకు వేరే కోడ్‌లు లేవు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా ఉంటే వాటిని కలిపి వత్తుగా చూపించడం హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్ పని. పాంగో అనే టెక్స్ట్ లైబ్రరీ హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది కాబట్టి మనం దాని కమాండ్ పాంగో-వ్యూతో వెళ్దాం. పిల్లల మెడలో వేసే పేరు ముక్కలై కనిపించకూడదు, ఈ విషయంలో నాకు రాజీ లేదు.

బ్యాడ్జీ 4 × 3 అంగుళాలు. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 1200 × 900 పిక్సెళ్లు. లెటర్ సైజు కాగితానికి ఆరు పడతాయి. పొడుగు పేర్లుంటే ముందు పూర్తి సైజులో తీసి, పట్టనివి మాత్రమే తగ్గిద్దాం. ఫాంట్‌గా 'మండలి' వాడదామనుకుంటున్నాను, దూరం నుంచి కూడా చదవగలం. ఫాంట్ పేరు తప్పు కొడితే ఎర్రర్ రాదు, పాంగో-వ్యూ చెప్పకుండా ఇంకో ఫాంట్ వేసేస్తుంది. మీ మెషీన్‌లో నడిపేవాళ్లు ముందు ఒక్క పేరుతో చూసుకోండి.

రిజిస్ట్రేషన్:
తమ్ముడూ, మా లిస్ట్ ఎక్సెల్‌లో ఉంది. అలాగే పంపనా?

బ్యాడ్జీల టీమ్:
అక్కా, సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే ఫైలు రకం) అని ఉన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

రిజిస్ట్రేషన్:
సరే. ఇంకొకటి, చాలామంది పేరు ఇంగ్లీషులోనే ఇచ్చారు.

బ్యాడ్జీల టీమ్:
అసలు పని అక్కడే ఉందక్కా. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి అది 'వాణి'నా 'వాని'నా, 'లత'నా 'లతా'నా అన్నది ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. ఆటోమేటిక్‌గా మార్చొద్దు. ఆ ఇళ్లకి ఫోన్ చేసి, తెలుగులో రాసి వాట్సాప్ చేయమని అడుగుదాం. ఫోన్లకి ఇద్దరు కావాలి.

ఆహ్వాన కమిటీ:
నేను, మా ఆవిడ చేస్తాం బాబూ. ప్రింట్‌కి వెళ్లేముందు బొమ్మలన్నీ ఒక్క పేజీ మీద చూపించగలవా? మా నాన్నగారు తెలుగు మాస్టారు, ఆయనతో చదివిస్తాను.

బ్యాడ్జీల టీమ్:
తప్పకుండా అంకుల్. లిస్ట్ రాగానే ప్రూఫ్ షీట్ పీడీఎఫ్‌గా పంపిస్తాను. ఆయన టిక్ పెట్టిన పేర్లే ప్రింటర్‌కి వెళ్తాయి.