చారాణా కోడికి బారాణా మసాలా: బారు బిల్లుకి ఈ సామెత నప్పుతుందా?

బారు బిల్లు ఫోటో ఎవరు పెట్టినా కింద మొదటి కామెంటు ఇదే, "చారాణా కోడికి బారాణా మసాలా". పబ్బు బిల్లయినా, ఫంక్షన్ హాల్లో కూల్‌డ్రింక్ రేటయినా ఇదే. నాకెందుకో ఈ వాడుక సరిగ్గా అతకడం లేదనిపిస్తోంది, అందుకే గ్రూపులో పెడుతున్నాను.

ముందు సామెతలో లెక్క చూడండి. చారాణా నాలుగణాలు, బారాణా పన్నెండణాలు, రెండూ కలిస్తే పదహారణాలు, అంటే సరిగ్గా రూపాయి. చెప్పినవాళ్లు నోటికొచ్చిన అంకెలు వేయలేదు, రూపాయిని నాలుగు వాటాలు చేసి ఒకటి కోడికి, మూడు మసాలాకి ఇచ్చారు. "పావలా కోడికి ముప్పావలా మసాలా" అనేవాళ్లూ ఉన్నారు, వాటాలు అవే. నిజాం రాజ్యంలో చెల్లిన సొంత రూపాయి, హాలీ సిక్కాకి కూడా పదహారణాలే కాబట్టి అక్కడా లెక్క తప్పదు. 1957 ఏప్రిల్లో నయాపైసలొచ్చాక అణాలు పోయాయి గానీ సామెత పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సామెత తిట్టేది ఎవర్ని? కొనేవాణ్ని. కోడి చవగ్గా దొరికింది, వీడే ఎగబడి అంత మసాలా తెచ్చాడు, తెలివితక్కువతనం వీడిది. పాత ఫోను బాగుచేయించడానికి కొత్త ఫోనంత డబ్బు పోసేవాణ్ని అలా అంటే అర్థం ఉంది. బారులో జరిగేది అదేనా? మొన్న ఇద్దరం కూచున్న బారు బిల్లు ఇంకా నా దగ్గరుంది. 30 ఎం.ఎల్. పెగ్గు 190. అదే బ్రాండు క్వార్టరు (180 ఎం.ఎల్.) వైన్సులో 300, అందులో ఆరు పెగ్గులు వస్తాయి, అంటే పెగ్గు 50 పడుతుంది. పల్లీ మసాలా 220, పల్లీల కన్నా ఉల్లిపాయ ముక్కలే ఎక్కువ. నీళ్ల సీసా మీద 20 అని అచ్చయి ఉంటే బిల్లులో 60. మసాలా దాకా ఎందుకు, కోడినే రూపాయికి అంటగట్టాడు కదా!

వైన్సులో క్వార్టరు కొని పక్కన పర్మిట్ రూమ్‌లో కూర్చునేవాడికైతే సామెత అచ్చంగా సరిపోతుంది. సీసా ఎమ్మార్పీకే వస్తుంది (పది ఎక్కువ తీసుకుని అడిగితే "కూలింగ్ చార్జీ" అంటారు, సరే). ఆ తర్వాత గ్లాసు, నీళ్లు, ఆమ్లెట్టు, ఇంకో ఆమ్లెట్టు, చికెన్ పకోడీ. ఆంధ్రలో 2024 అక్టోబరు నుంచి 99 రూపాయల క్వార్టరు వచ్చింది, దాని పక్కన మూడొందల స్టఫ్ (మందుతో పాటు తినేవి) పెట్టుకునేవాడిది అసలు సిసలు చారాణా కోడి. ఏమంటారు?

---

జగిత్యాల తమ్ముడు:
అన్నా, మా దిక్కు గంత లెక్క ఎవరు చూస్తరు? అసలు కన్నా పై ఖర్చు ఎక్కువైతే చాలు, సామెత అనేస్తరు. ఎవరి తప్పు అని అడగరు. ఇంకోటి, ఇది మనకు దక్కనీ ఉర్దూ నుంచి వచ్చింది, పాతబస్తీలో ఇప్పటికీ "చారానే కీ ముర్గీ, బారానే కా మసాలా" అంటరు. అందుకే నాలుగణాలు, పన్నెండణాలు అనకుండ చారాణా, బారాణా అనే ఉండిపోయింది.

---

ఆబ్కారీలో పనిచేసి రిటైరైన పెద్దాయన:
మీ బిల్లు మీరే మళ్లీ చదవండి. పెగ్గులో సరుకు 50, అమ్మింది 190. దాదాపు పావలా సరుకు, ముప్పావలా పైఖర్చు. సామెతకి ఇంతకన్నా దగ్గర లెక్క ఎక్కడ దొరుకుతుంది! మసాలా ప్లేట్లో లేదు, పెగ్గులోనే ఉంది. బారు లైసెన్సు ఫీజు, అద్దె, ఏసీ, ఐసు, గ్లాసులు కడిగేవాడి జీతం, రాత్రి మీలాంటివాళ్లు పగలగొట్టే గ్లాసులు, ఇవన్నీ ఎవరు కడతారు? వైన్సులో ఎమ్మార్పీ దాటితే కేసు, బారులో దాటడమే పద్ధతి. నీళ్ల సీసా సంగతి కూడా 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది, హోటల్లో, రెస్టారెంట్లో నువ్వు కొనేది సీసా ఒక్కటే కాదు, కూర్చునే చోటు, చేసే సేవ కూడా, కాబట్టి ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని. మెనూలో రేటు చూసే కదా ఆర్డరిచ్చారు, మరి తెలివితక్కువతనం ఎవరిది?

---

నేను:
మాస్టారూ, కోర్టు మాట కాదనను. ఏసీకి, కుర్చీకి డబ్బులు తీసుకోవద్దనీ అనను. నా పేచీ సామెత దగ్గరే. ఇంట్లో మసాలా కొనేవాడికి యాలకులెంత, లవంగాలెంత తెలుసు, తెలిసీ పోశాడు కాబట్టే వాణ్ని చూసి నవ్వుతాం. బారులో 190లో మందెంత, ఏసీ ఎంత, లైసెన్సెంత అని ఎవడైనా రాసి చూపించాడా? కనపడని మసాలాకి తాగినవాణ్ని తప్పుపడితే ఎలా?

అయినా బారుని మీకు వదిలేస్తాను, నచ్చకపోతే లేచి పక్క బారుకి పోవచ్చు. మరి టికెట్ కొని లోపలికెళ్లిన మ్యూజిక్ షోలో? గేటు దగ్గరే నీళ్ల సీసా తీయించేస్తారు. లోపల డబ్బులు చెల్లవు, చేతికో బ్యాండు కట్టి అందులో ముందే డబ్బు వేయమంటారు, మిగిలింది తిరిగి రాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేనెళ్లిన చోట బీరు ప్లాస్టిక్ గ్లాసులో పోశారు, నురగే మూడు వేళ్ల మందం, పైగా దానికి గంట లైను. అక్కడ కోడిని ఎంచుకున్నది నేను కాదు, మసాలా పోసింది నేను కాదు. దానికి "సందట్లో సడేమియా" అంటే సరిపోతుంది, ఎందుకంటే అందులో తప్పు సందు చూసి దూరినవాడిది.

---

బందరు అక్క:
సడేమియా బాగుంది. ఫంక్షన్ హాళ్ల గురించి నన్నడగండి, మా తమ్ముడి సంగీత్‌కి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. మందు మనమే తెచ్చుకోవచ్చన్నారు, ఎక్సైజు వాళ్ల దగ్గర ఈవెంట్ పర్మిట్ కూడా మనమే తెచ్చుకోవాలన్నారు, సరే అన్నాం. తీరా అడ్వాన్సు కట్టాక సీసాకింత అని "కార్కేజ్" అన్నారు. అదేంటంటే మూత తీసి పోసినందుకట! మూత మా మామయ్యే తీశాడు, పోసింది మా మామయ్యే, ఎక్కువ తాగింది కూడా ఆయనే. సోడా, ఐసు మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి, బయటివి రానివ్వరు. ఇంతకీ ఈ కార్కేజ్‌కి తెలుగులో ఏమనాలి?

---

నేను:
అక్కా, కార్కుకి మనకి "బిరడా" ఉండనే ఉంది. సీసా బిరడా అంటే మా తాతయ్య తరం వాళ్లందరికీ తెలుసు. కాబట్టి "బిరడా కూలి". సుంకం అంటే మరీ రాజుగారు వేసినట్టుంటుంది. కూలి అంటే పని చేసినవాడికి ఇచ్చేది, చేయని పనికి కూలి అడుగుతున్నారన్న ఎత్తిపొడుపు కూడా అందులోనే వచ్చేస్తుంది.

---

జగిత్యాల తమ్ముడు:
బిరడా కూలి! రేపటి సంది ఇదే వాడుత. అన్నా, స్టఫ్‌కి కూడ మంచి తెలుగు మాట చెప్పున్రి.

---

తెలుగు పంతులమ్మ:
కొత్తగా పుట్టించాల్సిన పని లేదు నాయనా, నంజుకోడానికి తెచ్చుకునేది నంజుడు. పాత నిఘంటువుల్లో నంజుడంటే మాంసం అనే అర్థమూ ఉంది, కాబట్టి చికెన్ పకోడీకి రెండు విధాలా సరిపోతుంది. సంస్కృతం కావాలంటే మద్యంతో పాటు నంజుకునేదాన్ని ఉపదంశం అంటారు. కానీ బారులో ఆ మాట వాడకండి, వైద్య గ్రంథాల్లో ఉపదంశం అంటే సుఖరోగం. బేరర్ తెలుగు బాగా వచ్చినవాడైతే ప్లేటు బదులు డాక్టరు అడ్రసు తెస్తాడు.

---

ఆబ్కారీ పెద్దాయన:
😀 అమ్మా, నా సర్వీసులో ఇది వినలేదు. నంజుడే ఖాయం చేద్దాం. బాబూ, ఈవెంట్ల విషయంలో నీ మాట ఒప్పుకుంటాను, గేటు దగ్గర నీళ్లు తీయించేసి లోపల మూడింతలకి అమ్మడం ఏ లెక్కలోనూ మసాలా కాదు. బారు విషయంలో మాత్రం తగ్గను.

---

ఏలూరు నుంచి ఒక సభ్యుడు:
మరి బిల్లు చివర సర్వీస్ చార్జీ అని 10 శాతం వేస్తారు, అది కోడా, మసాలానా?

---

నేను:
రెండూ కాదండీ, అది పక్కింటి కోడి. హోటళ్లు దాన్ని బిల్లులో వాటంతటవే కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, హోటళ్ల సంఘాలు కోర్టుకెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. తీసేయమని అడగండి, మొహమాటం అక్కర్లేదు. టిప్పు ఇవ్వాలనిపిస్తే బేరర్ చేతిలోనే పెట్టండి. మాస్టారూ, మీ 190 లెక్కలోకి ఇది కూడా కలుపుతానంటే మాత్రం నేను ఊరుకోను.