విస్కీ సవర్ మొదట పులుపెక్కి, తర్వాత పలచబడుతోంది: లోపం ఎక్కడ?

ప్రశ్న:
60 మి.లీ. బోర్బన్ విస్కీ, 30 మి.లీ. నిమ్మరసం, రెండు చిన్న చెంచాల పంచదార గ్లాసులో వేసి, ఐసు ముక్కలతో పాటు చెంచాతో తిప్పి తాగుతున్నాను. మొదటి గుక్క గొంతు పట్టేసేంత పుల్లగా ఉంటోంది, సగానికి వచ్చేసరికి చప్పబడుతోంది, చివరికి అడుగున పంచదార మిగిలిపోతోంది. నిమ్మ తొక్క ముక్క వేసినా సువాసన రాకపోగా చేదు తగులుతోంది. నిమ్మకు బదులు నారింజ రసం వాడితే ఈ ఇబ్బంది తీరుతుందా?

మొదటి సమాధానం:
మీ నిమ్మరసం కొలత సరైనదే. అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం 45 మి.లీ. బోర్బన్‌కు 25 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పంచదార పాకం చెబుతుంది. ఆ లెక్కన 60 మి.లీ. విస్కీకి సుమారు 27 మి.లీ. పాకం, అంటే దాదాపు 16 గ్రాముల పంచదార కావాలి. మీరు వేస్తున్నది అందులో సగమే, అది కూడా చల్లటి మద్యంలో సరిగా కరగదు కనుక, తీపి అడుగునా పులుపు పైనా ఉండిపోతున్నాయి. పంచదార, నీళ్లు సమాన బరువులో తీసుకుని, కరిగేవరకు వేడిచేసి చల్లార్చి వాడండి.

ఇక పండ్ల రసం ఉన్న పానీయాన్ని చెంచాతో తిప్పితే చాలదు. షేకర్ లేకపోతే బిగుతైన మూత ఉన్న సీసాలో నిండుగా ఐసు వేసి, సీసా బయట మంచు పట్టేవరకు, అంటే పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా కుదిపి, కొత్త ఐసు మీదికి వడకట్టండి. కుదిపేటప్పుడు కరిగే నీరు పానీయానికి అవసరమే. పలచబరిచేది మాత్రం అప్పటికే చెమర్చిన చిన్న ఐసు ముక్కలు.

రెండో సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తూనే తొక్క సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది సువాసనను రసంలో వెతుకుతారు గానీ అది ఉండేది పసుపు పొరలోని నూనెలో. దాని కింది తెల్లటి పొర చేదు. పీలర్‌తో ఆ తెలుపు రాకుండా పలుచగా ఒక పట్టీ తీసి, రంగు వైపు గ్లాసుకేసి ఉంచి రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పండి; వెలుతురుకు అడ్డంగా చూస్తే సన్నటి తుంపర కనిపిస్తుంది. పండు మీద మైనపు పూత ఉంటే ముందుగా గోరువెచ్చటి నీటితో రుద్ది కడగాలి.

నారింజ రసం నిమ్మకు ప్రత్యామ్నాయం కాదు. నిమ్మలో ఆమ్లం సుమారు 5–6 శాతం, నారింజలో దాదాపు 1 శాతం మాత్రమే కనుక, ఆ స్థానంలో పోస్తే విస్కీ ఘాటును నిలిపే పులుపు ఉండదు. కావాలంటే నిమ్మరసం తగ్గించకుండా 15 మి.లీ. నారింజ రసం చేర్చి, పాకం కొద్దిగా తగ్గించండి. నాకైతే రసం కన్నా నారింజ తొక్కే బోర్బన్‌కు బాగా నప్పుతుంది.

మూడో సమాధానం:
నురుగు కావాలనుకుంటే గుడ్డు తెల్లసొన 20 మి.లీ. వేసి, ముందు ఐసు లేకుండా, తర్వాత ఐసుతో కుదపాలి. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ముప్పు ఉంటుంది కాబట్టి పాశ్చరైజ్ చేసినది వాడటం మేలు, లేదా కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీరైనా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పంచదార రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలుగా పాకం చేసి ఉంచుకుంటే కొలత మారుతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మారుతుంది. ఆ చిక్కటి పాకంలో తీపి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కనుక 27కు బదులు 18 మి.లీ.తో మొదలుపెట్టి, ఐసు వేయకముందే చెంచాతో రుచి చూడండి. ఆ దశలో తీపి కొంచెం ఎక్కువైనట్టు అనిపించినా ఫరవాలేదు, ఎందుకంటే చల్లబడ్డాక నాలుకకు తీపి తగ్గినట్టు తెలుస్తుంది.