హెచ్ఆర్‌వీ ఆపొద్దమ్మా, తగ్గించుకో

ఆదోని, ఇప్పుడు రెజైనా:

అందరికీ నమస్కారం. మేము సెప్టెంబర్‌లో కెనడాలోని రెజైనా వచ్చాం, ఐదేళ్ల కింద కట్టిన ఇల్లు అద్దెకు తీసుకున్నాం. బేస్‌మెంట్‌లో, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన సీలింగ్‌కు ఒక పెట్టె వేలాడుతోంది, హెచ్ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్, ఇంట్లో గాలి మార్చే యంత్రం) అన్నారు. రాత్రిళ్లు ఉన్నట్టుండి రొద పెంచుతుంది. అమ్మ ఆదోని నుంచి వచ్చి నెలయింది. ముక్కు ఎండిపోయి రక్తపు చార కనిపిస్తోందని భయపడుతోంది. ఇదంతా ఆ పెట్టె వల్లే అనుకుని పది రోజుల కింద ప్లగ్ తీసేశాం. ముక్కు కాస్త నయం. కానీ పొద్దున లేచేసరికి కిటికీల నుంచి నీళ్లు కారి కింది చెక్క తడిసిపోతోంది. నిన్న అద్దం అంచున మంచు కూడా కట్టింది. తిరగమాత వాసన మూడు రోజులైనా పోవడం లేదు. ఆపేసి ఉంచితే నష్టమా? చాలా టెన్షన్‌గా ఉంది.

కర్నూలు (పందొమ్మిదేళ్లు రెజైనాలో ఉండి, నాన్నను చూసుకోవడానికి తిరిగొచ్చాను):

ముందు పోయి ఆ ప్లగ్ పెట్టేసి రా అమ్మా. మిగతాది తర్వాత చదువు.

మన పక్క ఇంట్లోకి గాలి రావాలని ఎవరూ ఏర్పాటు చేయక్కర్లేదు. మా తాత మిద్దెకు గవాక్షి ఉండేది. వంటింటి పొగ అందులోంచే పోయేది, వెలుతురు అందులోంచే దిగేది. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు. మే నెలలో గాలిదుమ్ము లేచిందంటే తలుపులన్నీ మూసినా నాపబండల మీద మన అడుగులు అచ్చుపడేవి. నువ్వున్న ఇల్లు అలాంటిది కాదు. చలికి గోడల లోపల దూదిలాంటి ఇన్సులేషన్, ప్లాస్టిక్ షీటు వేసి, ప్రతి సందూ మూసి కట్టారు. మనం వదిలే ఊపిరి, స్నానం ఆవిరి, కుక్కర్ ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తేమ అన్నీ లోపలే తిరుగుతాయి. చల్లటి అద్దం తగిలిన చోట నీళ్లవుతాయి. నువ్వు తుడుస్తున్నది అదే.

నీ ఊళ్లోనే 1977లో సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ అని ఒక ఇల్లు కట్టారు. హెరాల్డ్ ఆర్, రాబర్ట్ బేసంట్ లాంటి వాళ్లు దాని మీద పనిచేశారు. గాలి చొరబడకుండా ఇల్లు బిగిస్తే లోపలి మనుషులకు గాలి ఎలాగన్నది అప్పుడే ఆలోచించి, ఇలాంటి యంత్రమే పెట్టారు. బయటికి పోయే గాలి తన వేడిని లోపలికొచ్చే గాలికి ఇచ్చి పోతుంది. రెండూ పలుచని పలకలకు చెరో పక్కన నడుస్తాయి, కలవవు. ఆ పలకల దొంతరనే కోర్ అంటారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా మొదటి చలికాలంలో నేను చేసిందీ ఇదే. కరెంటు మిగులుతుందని డిసెంబర్‌లో ఆపేశాను. నిజానికి తక్కువ స్పీడులో అది తీసుకునేది మన సీలింగ్ ఫ్యానంత కరెంటే. ఫిబ్రవరిలో పాప గదిలో ఉత్తరం గోడకున్న బీరువా జరిపితే, వెనక గోడ మీద బీరువా ఎత్తున నల్లటి బూజు. వేలితో తాకితే తడి. పాప నెలరోజులుగా దగ్గుతుంటే చలి పడలేదులే అని సిరప్ పోస్తూ కూర్చున్నాం. ఆ గోడ కోసి కొత్త బోర్డు వేయించాల్సి వచ్చింది. నువ్వు కూడా ఇవాళే బయటి గోడలకు ఆనించిన మంచాలు, బీరువాలు నాలుగు వేళ్ల దూరం జరుపు.

ఇక అమ్మ ముక్కు సంగతి. మైనస్ 30లో ఉన్న గాలి లోపలికొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే అందులో తేమ రెండు శాతం దగ్గరే ఉంటుంది. అనంతపురం మే నెల గాలి కూడా అంత పొడిగా ఉండదు. అందుకే ఎక్కువ తిప్పితే ముక్కు ఎండుతుంది, ఆపేస్తే గోడ తడుస్తుంది. మధ్యలో పట్టుకోవాలి. తేమ కొలిచే చిన్న మీటర్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, అమ్మ గదిలో పెట్టు. బయట మైనస్ 30 ఉన్నప్పుడు లోపల 20 శాతం దరిదాపుల్లో, మైనస్ 15కు 30 ఉంటే సరి. అద్దం మీద నీళ్లు కనిపిస్తే స్పీడు పెంచు, పొడిగా ఉంటే తక్కువలోకి దించు. కొన్నింటికి గంటలో 20 నిమిషాలు నడిచి 40 నిమిషాలు ఆగే సెట్టింగ్ ఉంటుంది, చలి బాగా ముదిరిన రోజుల్లో అది చాలు. అమ్మకు ఫార్మసీలో ఉప్పునీళ్ల స్ప్రే కొనివ్వు. అప్పటికీ రక్తం కనిపిస్తుంటే డాక్టర్‌కు చూపించు.

రాత్రి రొద గురించి భయం వద్దు, అది డీఫ్రాస్ట్. బాగా చలి ఉన్నప్పుడు కోర్‌లో మంచు కడుతుంది. అప్పుడు బయటి గాలి దారి మూసేసి, ఇంటి వెచ్చటి గాలినే కొన్ని నిమిషాలు జోరుగా తిప్పి కరిగించుకుంటుంది. రాత్రి చలెక్కువ కాబట్టి రాత్రే ఎక్కువ వినిపిస్తుంది.

రేపు పగటిపూట బయటికెళ్లి గోడకున్న రెండు హుడ్లు, అంటే ఆ పెట్టె గాలి గొట్టాల మూతలు, చూడు. ఒకదాని నుంచి గాలి వస్తుంటుంది, ఇంకొకటి లాగుతుంటుంది. జాలీ మీద మంచు పొర కట్టి ఉంటే పాత బ్రష్‌తో రాల్చేయ్. హుడ్ కింద మంచు కుప్ప పెరిగినా తీసేయాలి.

ఫిల్టర్లు రెండు నెలలకోసారి. ప్లగ్ తీసి, మూత తెరిచి లాగితే వచ్చేస్తాయి. మొదటిసారి చూస్తే నీకు మీ ఊరి జిన్నింగ్ మిల్లు గుర్తొస్తుంది, అంత మందాన బూడిదరంగు నూగు పట్టి ఉంటుంది. వాక్యూమ్ పట్టి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో పిండి, ఆరాక పెట్టు. కాగితంలా మడతలున్నవైతే కడగొద్దు, కొత్తవి వెయ్యి. కోర్‌ను ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కడిగేవాణ్ని. తీసేముందు ఏ పక్క పైకుందో మార్కర్‌తో గీత పెట్టుకో. నేను టబ్బులో నిలబెట్టి షవర్‌తో మెల్లగా పోసేవాణ్ని, సన్నటి గొట్టాల్లోంచి నల్లనీళ్లు దిగేవి. తెల్లనీళ్లు వచ్చేదాకా పోసి, రాత్రంతా ఆరనిచ్చేవాణ్ని. డిష్‌వాషర్‌లో మాత్రం పెట్టొద్దు, పలకలు వంకర్లు పోతాయి. అద్దె ఇల్లు కదా, కోర్ ముట్టుకునేముందు ఓనర్‌కు ఒక మాట చెప్పు.

జూన్‌లో అక్కడ పాప్లర్ చెట్ల దూది గాలిలో ఎగురుతుంది. వారంలోనే జాలీ తెల్లగా మూసుకుపోతుంది, ఆ నెలంతా కన్నేసి ఉంచాలి. ఎండాకాలం అడవి మంటల పొగ కమ్మితే మాత్రం బయటి గాలి లాగకుండా ఆపాలి లేదా లోపలి గాలే తిరిగే మోడ్‌లో పెట్టాలి. ఆపమని నేను చెప్పేది అప్పుడొక్కసారే. పొగ పోగానే మళ్లీ వెయ్యి.

తిరగమాతకు, మిరపకాయలు వేయించడానికి పొయ్యి మీది హుడ్ వాడు, అది గాలిని బయటికి పంపేదేనా చూసుకో. ఆ నూనె ఆవిరి హెచ్ఆర్‌వీ మీద పడితే కోర్ జిడ్డు పట్టి కడిగినా వదలదు.

కడప, ఇప్పుడు విన్నిపెగ్:

అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను చెల్లీ. పెట్టె మీద లేబుల్ చదువు. ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) అని ఉంటే అది వేడితో పాటు కొంత తేమను కూడా వెనక్కిస్తుంది, అమ్మ ముక్కుకు మేలే. కానీ దాని కోర్‌ను నీళ్లలో పెడితే పాడయ్యే రకాలున్నాయి. మాన్యువల్ చూడకుండా కడగొద్దు. ఇంకొకటి, కెనడా మార్ట్‌గేజ్ అండ్ హౌసింగ్ కార్పొరేషన్ చెప్పిన చెత్త సంచి పరీక్ష ఉంది. సంచి మూతికి వైర్ హ్యాంగర్ వంచి టేపుతో అంటించు. సంచి చదును చేసి గాలి వదిలే హుడ్‌కు ఆనించి ఎన్ని సెకన్లలో నిండిందో లెక్కపెట్టు. తర్వాత గాలిలో ఊపి నింపి లాగే హుడ్‌కు ఆనించు, ఎన్ని సెకన్లలో ముడుచుకుందో చూడు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మెషిన్ సమంగా నడుస్తున్నట్టే. ఈ చలిలో వద్దు, మంచు పోయాక చెయ్యి.

ఆదోని, ఇప్పుడు రెజైనా:

అన్నా, మీరు చెప్పినట్టే చేశాం. లేబుల్ మీద హెచ్ఆర్‌వీ అనే ఉంది. గాలి వదిలే హుడ్ జాలీ సగం మంచుతో మూసుకుపోయి ఉంది. ఫిల్టర్లు చూసి అమ్మే ఆశ్చర్యపోయింది, తనే కూర్చుని కడిగింది. మీటర్ మొదట 48 చూపించింది, నాలుగో రోజుకు 29కి దిగింది. అద్దాలు పొడిగా ఉన్నాయి. స్ప్రేతో అమ్మకు ఇబ్బంది లేదు. కానీ పెట్టె కింద నేల మీద అరచేతి వెడల్పున నీళ్లున్నాయి. ఇది మామూలేనా?

కర్నూలు:

మామూలు కాదమ్మా, అయినా పెద్ద పనేమీ కాదు. కోర్‌లో చేరిన నీళ్లు కింద ట్రేలోకి దిగి, ప్లాస్టిక్ ట్యూబ్ గుండా నేలలోని డ్రెయిన్‌కు పోవాలి. ఆ ట్యూబ్ మూసుకుపోయి ఉంటుంది. ప్లగ్ తీసి, మూత తెరిచి, ట్రేలో గోరువెచ్చటి నీళ్లు రెండు లీటర్ల దాకా మెల్లగా పోస్తూ అవతల కొస చూడు. నీళ్లు అక్కడ రాకుండా ట్రేలోనే నిలబడితే పోయడం ఆపి, ట్యూబ్ ఊడదీసి సింక్ కింద కడుగు. జిగురులాంటి ముద్ద ఒకటి బయటపడుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు దారిలో ఒక చుట్ట ఉండేలా చూడు, ఆ చుట్టలో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. అవి లేకపోతే డ్రెయిన్ వాసన ఇల్లంతా తిరుగుతుంది. ట్యూబ్ శుభ్రంగా ఉండి కూడా నేల తడుస్తుంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టు, మూత రబ్బరు చూద్దాం.